ఎవరికి తెచ్చినట్టు?

మగవాళ్ళు సాయంత్రం ఇంటికి వస్తూ ఒక పొట్లం పట్టుకొస్తారు చూడండి, ఆ పొట్లానికి గుమ్మం బయట ఒక జాతకం, గుమ్మం లోపల ఇంకో జాతకం. కొనేటప్పుడు అది ఎవరో ఒకరి కోసమే కొంటారు. గుమ్మం దాటిందా, అందరిదీ అయిపోతుంది. మా కాలంలో సినిమా హీరో మల్లెపూలూ మిఠాయి పొట్లమూ పుచ్చుకుని తిన్నగా పడగ్గదిలోకి నడిచిపోయేవాడు. ఈయనకి తల్లి లేదా, వదినగారు లేదా, హాల్లో ఎక్కాలు వల్లెవేస్తున్న అన్నగారి పిల్లలు లేరా అని నాకెప్పుడూ అనుమానమే. మా ఇంట్లో అయితే పొట్లం సంగతి వీధి వసారాలోనే తేలిపోయేది.

సరే, సినిమాల సంగతి అలా ఉంచండి. 2019లో అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో, ఫిబ్రవరి 14న, నేనొక పని చేశాను. దొంగతనం అనడానికి నోరు రావడంలేదు గాని, అంతకంటే మంచి పేరూ దొరకడంలేదు. అది చెప్పాలంటే ముందు తెనాలి వెళ్ళి రావాలి.

తెనాలిలో మాది ఉమ్మడి కుటుంబం. మావారికి బెజవాడలో బాంకు ఉద్యోగం. పొద్దున్న రైలెక్కితే రాత్రి ఏడున్నరకి ఇల్లు చేరేవారు. రాగానే చేతిసంచీ తల్లి చేతికి ఇవ్వడం ఆ ఇంట్లో ఆయన పుట్టకముందునుంచీ ఉన్న ఆచారం. మామగారూ అలాగే ఇచ్చేవారట వాళ్ళమ్మగారికి. మా అత్తగారు సంచీలోంచి టిఫిన్ కారియరు తీసి దొడ్లోకి పంపి, పేపరు మామగారికి ఇచ్చి, అరటిపళ్ళో జాంకాయలో ఏముంటే అవి దేవుడి ముందు ఒక్క నిమిషం పెట్టి, ఆ తర్వాత పంచేవారు. ఆవిడ పంపకంలో ఎవరికో ఎక్కువా ఎవరికో తక్కువా వచ్చిందని అన్నవాళ్ళని నేనెరగను. చెయ్యే తక్కెడ. "నలుగురిలో పెట్టుకు తినాలమ్మా, తలుపేసుకు తినేది దొంగతిండి" అనేవారు. ఆవిడ తన వాటా ఎప్పుడూ ఆఖరున తీసుకునేవారు. చాలాసార్లు ఆఖరున ఏమీ ఉండేది కాదు.

ఆ రోజుల్లో మా ఊళ్ళో చాక్లెట్టు అంటే కిరాణా కొట్టు గాజు సీసాలో ఉండే బిళ్ళే. నిమ్మతొనలు, పిప్పరమెంట్లు, చిత్తూరునుంచి వచ్చే న్యూట్రిన్ బిళ్ళలు. ఊదారంగు కాయితం చుట్టిన కాడ్‌బరీ పలక పెద్ద ఊళ్ళ సరుకు. నేను కాలేజీలో చదివేటప్పుడు ఒక స్నేహితురాలి ఇంట్లో ఒక్కసారి తిన్నాను. డెబ్బైల్లో ఇంగ్లీషు పత్రికల్లో అమూల్ వాళ్ళ ప్రకటన వస్తూండేది, మనసైనవాళ్ళకి ఇచ్చుకునే కానుక చాక్లెట్టు అనే అర్థంలో. ఒక రాత్రి ఆ బొమ్మ మావారికి చూపించి, "చూడండి, చాక్లెట్టు ఇచ్చుకుంటారట!" అని నవ్వాను. ఆయన "ఊఁ" అని అటు తిరిగి పడుకున్నారు. ఆ "ఊఁ" విన్న "ఊఁ" అని నేననుకోలేదు.

అది 1977 సంక్రాంతి. పెళ్ళయ్యాక మాకు రెండోది. మొదటిది పుట్టింట్లో అయింది గనక అత్తవారింట్లో ఇదే మొదటిదనుకోండి. ఇద్దరాడపడుచులూ పిల్లలతో దిగారు. బావగారి పిల్లలతో కలిపి తొమ్మిదిమంది. భోగికి ముందురోజు రాత్రి నేనూ మా తోటికోడలూ అరిసెలు వొత్తుతున్నాం. ఒకళ్ళు నూనెలోంచి తీయడం, ఒకళ్ళు చెక్కల మధ్య పెట్టి నొక్కడం. వసారాలో సంచీ దిగింది. కారియరు వచ్చింది, పేపరు వెళ్ళింది. పేపరు మడతలోంచి ఊదారంగు పలక ఒకటి కింద పడింది.

"ఇదేమిట్రా?" అన్నారు అత్తగారు.

ఇల్లంతా ఒక్కసారి అటు చూసింది. నేను పిండి చేతులతో వంటింటి గుమ్మంలోకి వచ్చాను. ఆయన నావైపు చూశారు. ఒక్క క్షణం. ఆ క్షణంలోనే నాకు అర్థమైపోయింది, ఆ "ఊఁ" నిద్ర "ఊఁ" కాదని. ఒళ్ళంతా వేడెక్కింది. పొయ్యి దగ్గరనుంచి వచ్చానుగా అని సరిపెట్టుకున్నాను.

"పిల్లలకి" అన్నారు ఆయన.

ఇంకేం! తొమ్మిదిమందీ ఒక్క కేక. మా అత్తగారు దాన్ని దేవుడి ముందు పెట్టి తెచ్చి, అడకత్తెరతో (నిజం, వక్కలు కత్తిరించే అడకత్తెరతోనే) గళ్ళ ప్రకారం కత్తిరించారు. పిల్లలకి తలో గడి. మిగిలినవి మళ్ళీ సగాలు చేసి పెద్దవాళ్ళకి. నా దగ్గరికి వచ్చి, "నువ్వూ చిన్నపిల్లవేగా, తీసుకో" అని సగం గడి నా అరచేతిలో పెట్టారు. ఎంత ప్రేమగా పెట్టారో! అందులో కల్మషం వెతికితే కళ్ళు పోతాయి. నేనది మా చిన్నాడపడుచు కొడుకు నోట్లో పెట్టేశాను. పెద్దమనసు అనుకునేరు, రోషం! ఆ రాత్రి తల్చుకుని, తినుంటే బాగుండేదే అని ఏడ్చాను.

పిల్లలు నాకి పారేసిన వెండి కాయితం వసారాలో దొరికింది. గోటితో సాపు చేసి, పెళ్ళిచీర మడతలో పెట్టుకున్నాను. అది ఇప్పటికీ ఉంది. చీర చిరుగు పట్టింది గాని కాయితం అలాగే ఉంది.

మా అత్తగారి మీద నాకెప్పుడూ కోపం రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత, ఆవిడ మంచాన పడ్డాక, కాళ్ళు పడుతూ అడిగాను. "అత్తయ్యగారూ, మామయ్యగారు మీకోసమని ఎప్పుడైనా ఏమైనా తెచ్చేవారా?" ఆవిడ పళ్ళులేని నోటితో నవ్వి, "తెచ్చినా నా చేతికి వచ్చేదటే!" అన్నారు. ఎవరి చేతికి వెళ్ళేదో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. నా కోపమల్లా "పిల్లలకి" అన్న ఆ మాట మీద. అప్పటికి మాకు పిల్లలు కూడా లేరు!

పెళ్ళయిన కొత్తలో మాకు ఫిబ్రవరి 14 అంటే 13 తర్వాత వచ్చే తేదీ, అంతే. 1990లలో హైదరాబాదు దుకాణాల్లో ఎర్రగుండెలు వేలాడడం మొదలయ్యాక గదా దాని పేరు మనకి తెలిసింది. మా అబ్బాయి ఇంజనీరింగు చదివేటప్పుడు వాడి పుస్తకాల్లో అలాంటి కార్డు ఒకటి కనిపిస్తే, విప్పకుండా ఎక్కడిదక్కడ పెట్టేసి గదిలోంచి వచ్చేశాను. అంత సంస్కారం ఉన్నదాన్ని నేను. జ్ఞాపకం పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక అమెరికా. న్యూజెర్సీలో మావాడి ఇల్లు. 2019 జనవరిలో వెళ్ళాం నేనూ మావారూ. క్రిస్మస్ సరుకు తీసేసీ తీయకముందే దుకాణాలనిండా ఎర్రపెట్టెలు పేర్చేశారు. మందుల షాపులో కూడా! మావారి దగ్గు మందు కోసం వెళ్తే, గుండెజబ్బు మాత్రలకీ గుండె ఆకారం పెట్టెలకీ మధ్య నాలుగడుగులు లేవు. పెట్టె పైన జరీ కుచ్చు, లోపల చిన్నచిన్న కాయితపు గిన్నెల్లో తలో రకం చాక్లెట్టు. కొన్ని పెట్టెల మూత లోపల ఏ గదిలో ఏముందో పటం వేసి ఉంటుంది, ఇది కొబ్బరిది, ఇది బాదంది, ఇది పంచదార పాకంది అని. 1912లో విట్మన్ అనే ఫిలడెల్ఫియా కంపెనీవాళ్ళు తెచ్చిన శాంప్లర్ పెట్టె ఆ పటానికి పెట్టింది పేరు. పటం లేని పెట్టెల్లో పిల్లలు చాక్లెట్టు అడుగున గోటితో గిచ్చి చూసి, నచ్చకపోతే మళ్ళీ బోర్లించేస్తారు. ఆ విద్య మా మనవరాలికి బాగా వచ్చు.

ఈ గుండె పెట్టె పుట్టిల్లు అమెరికా కాదు, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్. మన ఊదారంగు పలక ఇంటిపేరువాళ్ళే, కాడ్‌బరీలు. వాళ్ళు క్వేకర్లు, సారాయి ముట్టని మతం. జనం సారాయి మాని కోకో తాగితే బాగుపడతారని వాళ్ళ నమ్మకం. 1866లో హాలండునుంచి ఒక యంత్రం తెప్పించి కోకోగింజల్లోంచి వెన్న పిండడం మొదలుపెట్టారు. మనం మజ్జిగ చిలికేది వెన్నకోసం. వాళ్ళకి వెన్నే మిగులు. తాగే పొడి చక్కగా వచ్చింది, మిగిలిన వెన్నని ఏం చెయ్యాలి? దాంతో తినే చాక్లెట్లు చేశారు. అన్నదమ్ముల్లో రిచర్డ్ కాడ్‌బరీకి బొమ్మలు వేసే సరదా. కూతురు పిల్లికూనని ఎత్తుకున్న బొమ్మ వేసి పెట్టె మీద అంటించాడు. ఆ 1860లలోనే గుండె ఆకారం పెట్టె కూడా చేయించాడు. చాక్లెట్లు అయిపోయాక ఆడవాళ్ళు ఆ పెట్టెల్లో ఉత్తరాలూ, జుట్టు కుచ్చులూ దాచుకునేవారట. అది చదివి నా వెండి కాయితం గుర్తొచ్చింది. సముద్రాలవతల నాకు తోటికోడళ్ళున్నారన్నమాట!

మా మనవరాలికి మాత్రం ఆ ఏడు పెద్ద కష్టం వచ్చింది. ఆ రోజుకని అమ్మే పంచదార బిళ్ళలు ఉంటాయి, గుండె ఆకారంలో, మీద రెండేసి ఇంగ్లీషు ముక్కలు అచ్చేసి. నువ్వు నాదానివనీ, నాకు ఫోను చెయ్యమనీ, అలాంటివి. బోస్టన్‌లో ఆలివర్ చేజ్ అనే మందులాయన 1847లో బిళ్ళలు కోసే యంత్రం కనిపెడితే, 1866లో ఆయన సోదరుడు డేనియల్ వాటి మీద మాటలు అచ్చేసే ఉపాయం కనిపెట్టాడు. దగ్గుబిళ్ళల మిషనులోంచి ప్రేమ బిళ్ళలు వచ్చాయి చూశారా! ఆ వంశంలోంచి వచ్చిన నెకో కంపెనీ ఫాక్టరీ 2018లో మూతపడింది. 2019లో ఆ బిళ్ళలు దుకాణాల్లో లేవు. 2020కి వేరే కంపెనీ మళ్ళీ తెచ్చిందిలెండి. ఆ ఏడు మాత్రం మా రెండోక్లాసు పిల్ల ఆ బిళ్ళలకోసం మూడు షాపులు తిప్పించి, చివరికి చిన్న లాలీపాప్‌లతో సరిపెట్టుకుంది.

ఎన్ని లాలీపాప్‌లనుకున్నారు? ఇరవైమూడు. బడినుంచి క్లాసు పిల్లల పేర్ల జాబితా పంపారు. ఇస్తే అందరికీ ఇవ్వాలి, ఒక్కరినీ వదలకూడదు. వేరుశనగలూ జీడిపప్పులూ ఉన్నవి అసలు పనికిరావు, ఎవరికైనా పడకపోతే ప్రమాదమట. 13వ తేదీ రాత్రి దాని పక్కన కూర్చుని నేను పేర్లు చదువుతుంటే అది కార్డుల మీద రాసింది. ఒకబ్బాయి పేరు రాయనని మొరాయించింది. వాడు దీని పెన్సిలు విరిచాడట. "టీచరు ఒప్పుకోరు, రాయవే" అని కోడలు కోప్పడితే, ఏడుస్తూ రాసింది. నాకు మా అత్తగారు కళ్ళముందు నిలబడ్డారు. ఆవిడ ఈ దేశంలో పుట్టుంటే హెడ్మిస్ట్రెస్ అయ్యుండేవారు.

14వ తేదీ గురువారం. కోడలికి న్యూయార్కులో ఉద్యోగం, తెల్లవారుజామునే రైలుకి వెళ్ళిపోయింది. అచ్చం తెనాలి బెజవాడ లెక్కే, రైలెక్కేది ఈసారి కోడలు. మావాడు ఎనిమిదిన్నరకి బయల్దేరుతూ భోజనాల బల్ల మీద ఒక పెద్ద ఎర్రపెట్టె పెట్టాడు. జరీ రిబ్బను, పైన కవరు. నాతో ఏమీ చెప్పలేదు. ఏం చెబుతాడు? సాయంత్రం తను వచ్చేసరికి కనపడాలని పెట్టాడు.

కవరు మీద కోడలి పేరుంది. చూడలేదని అబద్ధం చెప్పను. చూశాను. చదివాను. నాకు ఇంగ్లీషు వచ్చు.

సాయంత్రం నాలుగింటికి వీధిలో మన తెలుగమ్మాయిలిద్దరు, బస్సు దిగిన పిల్లల్ని తీసుకుని పలకరించడానికి వచ్చారు. "ఆంటీ, టీ ఏం వద్దండీ" అంటూ కూర్చున్నారు. ఇంట్లో పెట్టడానికి ఏమీ లేదు. జంతికలు ముందురోజే అయిపోయాయి. వచ్చినవాళ్ళకి వట్టి టీ ఇవ్వడం నా చేతికి అలవాటు లేదు. బల్ల మీద ఇంత పెట్టె! ఇందులో ఇరవైనాలుగు చాక్లెట్లు, ఒక్క మనిషి ఎంతని తింటుంది? కవరు తీసి గోడకి ఆనించి నిలబెట్టాను, నలగకుండా. రిబ్బను ముడి విప్పాను. కత్తిరించలేదు సుమండీ, విప్పాను. అదే నా పెద్దరికం.

ఆ అమ్మాయిల్లో ఒకతె టోక్యోలో నాలుగేళ్ళు ఉండి వచ్చింది. చాక్లెట్టు చూడగానే జపాను సంగతులు ఎత్తుకుంది. అక్కడ ఈ రోజున ఇచ్చేది ఆడవాళ్ళేనట, మగవాళ్ళకి. మళ్ళీ మార్చి 14న మగవాళ్ళు బాకీ తీర్చాలి. ఆ రోజుకి వైట్ డే అని పేరు. 1980 ప్రాంతాల్లో మిఠాయి వ్యాపారులు పెట్టిన పండుగ. "అక్కడ రెండు రకాలుంటాయి ఆంటీ! ఆఫీసులో పై అధికారికీ, పక్క సీటు ఆయనకీ, అందరికీ తప్పదుగా అని ఇచ్చేది గిరి చోకో. మనసులో ఉన్న ఒక్కరికి ఇచ్చేది హొన్‌మెయ్ చోకో."

"అంటే మొక్కుబడి చాక్లెట్టూ, మనసు చాక్లెట్టూ అన్నమాట" అన్నాను నేను, ఎంతో తెలివిగా, పళ్ళెం ముందుకు జరుపుతూ.

"కరెక్ట్ ఆంటీ! పాపం జీతంలోంచి ఖర్చుపెట్టుకుని పాతికమందికి కొనాలి. 2018లో గోడైవా కంపెనీవాళ్ళే పేపర్లో పెద్ద ప్రకటన వేశారు, ఈ మొక్కుబడి చాక్లెట్లు ఇక మానండి అని. చాక్లెట్లు అమ్ముకునేవాళ్ళే!"

అందరం నవ్వుకున్నాం. వాళ్ళ పిల్లలకి తలో రెండు, మా మనవరాలికి రెండు, వాళ్ళకి తలొకటి. మావారు షుగరు మనిషి, "రుచి చూస్తాను" అంటూ ఒకటి. నేనూ ఒకటి తిన్నాను. లోపల నారింజ పాకం. వాళ్ళు వెళ్ళాక చూస్తే పెట్టెలో పద్నాలుగు మిగిలాయి. ఖాళీ కాయితపు గిన్నెలు తీసేసి, ఉన్నవి అందంగా సర్ది, మూత పెట్టి, రిబ్బను కట్టి, కవరు మళ్ళీ పైన పెట్టాను. అదిగో, ఆ సర్దడంలో దొరికిపోయాను నాకు నేనే. తప్పు కాదనుకున్న మనిషి సర్దదు.

మా అత్తగారయితే ఇలా సర్ది ఉండరు. ఆవిడకి అది న్యాయం. నాకు న్యాయం కాదని తెలుసు, తెలిసినా చేశాను. ఎందుకు చేశానో ఆలోచిస్తే వచ్చినవాళ్ళకి ఏమీ పెట్టలేకపోవడం ఒక్కటే కాదు కారణం. పొద్దున్నే మావాడు ఆ పెట్టెని అటు జరిపి ఇటు జరిపి, దూరంనుంచి చూసి, మళ్ళీ జరిపి వెళ్ళాడు. కాఫీ కలుపుతూ చూశానది. నా జన్మలో నాకోసం ఎవరూ ఒక పెట్టెని అలా జరపలేదు. ఆ ముల్లు ఏదో మూల ఉండే ఉంటుంది. ఇంతకంటే చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది.

కోడలు ఆరున్నరకి వచ్చింది. కవరు చూసి మొహం విప్పారింది. రిబ్బను లాగి మూత తీసింది. ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. మా మనవరాలు పరుగెత్తుకొచ్చి, "నానమ్మ అందరికీ ఇచ్చింది! నాకు రెండు!" అని వేళ్ళు చూపించింది.

"వాళ్ళు వచ్చారమ్మా, ఇంట్లో ఏమీ లేదు..." అని నేను నసిగాను.

"పరవాలేదత్తయ్యా, ఎవరు తింటేనేం" అంది. అప్పుడే మావాడు గరాజులోంచి లోపలికి వచ్చాడు. పెట్టె చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, నన్ను చూశాడు. నా మొహం ఎలా ఉందో ఏమో.

"పోన్లేమ్మా, పిల్లలకే కదా తెచ్చింది" అన్నాడు.

నలభైరెండేళ్ళ తర్వాత అదే మాట, అదే గొంతు. తండ్రి మీసాలు రాలేదు గాని వీడికి ఆ గొంతు వచ్చింది. కోడలు నావైపు చూడలేదు. మొగుడివైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. పిండి చేతులతో వంటింటి గుమ్మంలో నిలబడి చూసినదాన్ని నేనే గదా.

ఆ రాత్రి పడుకున్నాక అడిగాను. "ఏమండీ, తెనాలిలో సంక్రాంతికి తెచ్చిన చాక్లెట్టు మీకు జ్ఞాపకముందా?"

చాలాసేపు చప్పుడు లేదు. నిద్రపోయారనుకున్నాను. "బీసెంటు రోడ్డులో కొన్నాను" అన్నారు గోడవైపు తిరిగే. "మూడురోజులు ఆ షాపు ముందు తచ్చాడాను. మా మానేజరు అక్కడే కాఫీపొడి కొనేవాడు. చూస్తాడని భయం."

"చూస్తే?"

"పెళ్ళానికి చాక్లెట్టు కొంటున్నాడని బాంకంతా నవ్వరూ?"

"మరి ఆ రాత్రయినా ఒక్కమాట అనొచ్చుగా, నీకోసమే తెచ్చానని?"

"నీకు తెలిసిందిగా."

"తెలిసింది."

"మరింకేం?"

మరింకేం! తెలిసిన మాటే ఎదుటిమనిషి నోటివెంట వినాలని ఉంటుందని ఈయనకి ఎలా చెప్పను? నలభైరెండేళ్ళలో చెప్పలేనిది, అర్ధరాత్రి న్యూజెర్సీలో చెబుతానా? కాసేపటికి ఆయనే, "గట్టిగా ఉండే సరుకే ఇమ్మన్నాను, రైల్లో కరిగిపోతుందేమోనని" అన్నారు. జనవరి నెలలో! అంత హైరానా పడ్డాడన్నమాట ఈ మనిషి. అటుతిరిగి పడుకుని కళ్ళు తుడుచుకున్నాను.

మర్నాడు మందుల షాపుకి నడిచివెళ్ళాం. 15వ తేదీ పొద్దుటికల్లా ఆ ఎర్రపెట్టెలన్నీ సగం ధర. పదహారు డాలర్ల పెట్టె ఎనిమిది డాలర్లకి. రేపు వాటి చోటులో ఈస్టరు కుందేళ్ళు దిగాలిట. మావాడు చేతిఖర్చుకి ఇచ్చిన ఇరవై డాలర్ల నోటు నా దగ్గరుంది. నిన్నటిలాంటి పెట్టే ఒకటి తీసుకుని గల్లా దగ్గర వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక ముసలమ్మ నాలుగు పెట్టెలు పెట్టుకుని నిలబడింది, ఆవిడ సంసారం ఏమిటో. నా వంతు వచ్చేసరికి ఆలోచన వచ్చింది. నేనిస్తే ఇదేమవుతుంది? అపరాధ రుసుము. లైబ్రరీ పుస్తకం పారేసి డబ్బు కట్టినట్టు. ఆ పెట్టె కొనే హక్కు ఇంట్లో నాకు లేదు. తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టేశాను. మావారు, "ఏం, బాగాలేదా?" అన్నారు.

ఇంటికొచ్చి మావాడికి ఫోను చేశాను. "మీటింగులో ఉన్నానమ్మా" అన్నాడు.

"ఒక్క నిమిషం. వచ్చేటప్పుడు ఇంకో పెట్టె కొనుక్కురా. బల్ల మీద పెట్టకు. దాని చేతికి ఇవ్వు. నీకోసం తెచ్చానని నోటితో చెప్పు. పిల్లలకి అన్నావంటే ఊరుకోను."

అటువైపు కాసేపు మాట లేదు. "అమ్మా, ఇవాళ అవి సగం ధరకి అమ్ముతారు తెలుసా?" అన్నాడు, నవ్వులోకి దించుదామని.

"సగం ధరకే కొను. నోరు మాత్రం పూర్తిగా తెరువు" అని ఫోను పెట్టేశాను.

సాయంత్రం వాళ్ళిద్దరూ వచ్చే వేళకి మనవరాలికి కోటూ టోపీ తొడిగి, మావారిని లేవదీసి, బయటికి తీసుకుపోయాను. ఆ చలిలో వీధిచుట్టూ మూడు ప్రదక్షిణాలు. "గుళ్ళో దేవుడికి కూడా ఇన్ని చెయ్యలేదు నువ్వు" అని ఆయన సణిగారు. తిరిగొచ్చేసరికి ఇల్లు ఎప్పటిలాగే ఉంది. పెట్టె ఎక్కడా లేదు. మావాడేమన్నాడో, ఎలా అన్నాడో నాకు తెలియదు. కోడలు పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతోంది.

పక్కన నిలబడి అన్నాను. "అమ్మాయ్, నిన్న కవరు మీద నీ పేరు చూశానే. చూసే తీశాను."

గరిటె ఆగింది. "తెలుసత్తయ్యా" అంది, గిన్నెలోకే చూస్తూ. "కవరు వెనక పసుపు మరక ఉంది. గోడకి ఆనించినట్టున్నారు, పోపులడబ్బా దగ్గర."

ఇంకేమీ అనలేదు. పరవాలేదని కూడా అనలేదు. అనకపోవడమే నాకు కాస్త తెరిపిగా ఉంది. తర్వాత, "మీకు నిమ్మకాయ పిండనా?" అని అడిగింది. పిండమన్నాను.

2023లో మళ్ళీ వెళ్ళాం. ఒకరోజు ఉతికిన బట్టలు మడతపెట్టి వాళ్ళ గదిలో సర్దబోతే, అలమారు పై అరలో ఎర్ర గుండె పెట్టె ఒకటి కనిపించింది. రెండిట్లో ఏదో నాకు తెలియదు. రిబ్బను ముడి వేసి ఉంది. బట్టలు కింద అరలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.